పండగ మూడ్రోజులే.. మరి పులికాట్‌కి ఏడాదంతా?

తడ పక్కనున్న శ్రీసిటీకి ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ఇంకో రోజు ఉండేలా ప్లాన్ చేసుకోండి. తడ దగ్గరి భీములవారిపాళెంలో పడవెక్కితే పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి చేరొచ్చు. గ్రూప్స్‌కి చదివేవారికి ఇది విహారం మాత్రమే కాదు.

2025 జనవరిలో ఒకే వారంలో రెండు వార్తలొచ్చాయి. శ్రీహరికోటలో దాదాపు 4 వేల కోట్ల రూపాయలతో మూడో లాంచ్‌ప్యాడ్‌కి కేంద్ర కేబినెట్ ఆమోదం. రెండ్రోజులకే, 2020 తర్వాత మళ్లీ సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్. మొదటిది సైన్స్ అండ్ టెక్నాలజీ నోట్సులో, రెండోది పర్యాటకంలో రాసేసుకుంటాం. కానీ రెండింటి చోటూ ఒక్కటే. సముద్రానికీ సరస్సుకీ మధ్యనున్న దీవే శ్రీహరికోట. సూళ్లూరుపేట నుంచి అటు వెళ్లే రోడ్డు సరస్సు మీదుగానే సాగుతుంది. చలికాలంలో ఆ రోడ్డు పక్కనే ఫ్లెమింగోలు కనిపిస్తాయి.

పరీక్షలో చాలామంది తడబడేది ఇక్కడే. కొల్లేరు మంచినీటి సరస్సు, 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో ఉంది. పులికాట్‌ది ఉప్పుకలిసిన నీరు. ఈ రకం సరస్సుల్లో దేశంలో చిలికా తర్వాతి స్థానం దీనిదే. అటు స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీరు రావాలి, ఇటు ముఖద్వారాల గుండా సముద్రపు నీరు రావాలి. ఇసుక మేటలేసి ముఖద్వారం పూడితే చేపా రొయ్యా లోపలికి రావు. ఎండాకాలంలో సరస్సు చాలామేర బీడులా ఎండిపోతుంది. అప్పుడు వల ఖాళీ, పక్షికీ తిండి కరువే. మత్స్యకారుడికీ ఫ్లెమింగోకీ పోటీ ఉందనుకుంటాం గానీ ఇద్దరి కష్టమూ ఒకటే.

ఇక చరిత్ర. రాకెట్లు రాకముందే శ్రీహరికోట అడవిలో యానాదులున్నారు. సరస్సు దక్షిణపు ఒడ్డున, తమిళనాడు వైపు, 17వ శతాబ్దపు డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వేనాడు దీవిలో దర్గా ఉంది. ఇంత సరుకున్న చోట మూడ్రోజుల వేదిక, పాటల కచేరీలతో ఎన్ని ఉద్యోగాలు పుడతాయి? నా లెక్కలో ఏమంత కాదు. అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షులుంటాయి కాబట్టి ఆ ఆరు నెలలూ పడవలు, స్థానిక గైడ్లు ఉంటేనే ఊరి కుర్రాళ్లకి పని. తెలుగు, తమిళం, ఇంగ్లిష్‌లో పక్షుల గురించి చెప్పగలిగేవారికి అక్కడ చోటుంది.

వెళ్తే, నేలపట్టు కూడా చూసి రండి. గూడబాతులు గూళ్లు కట్టుకునేది అక్కడి చెరువులోని కడప చెట్ల మీదే. ఇరకం పడవలో మాత్రం ఫొటోలు కాసేపు ఆపి, పడవ నడిపే అన్నని ఒక్కమాట అడగండి: ఈ ఏడు ముఖద్వారం తెరుచుకుందా, రొయ్య ఎలా పడింది అని.