నీళ్ళన్నీ ఒకటేనా?

"కొల్లేటిలోనూ నీళ్ళే, చేపల చెరువులోనూ నీళ్ళే! సరస్సు తగ్గిపోయిందని మీరంతా గుండెలు బాదుకోవడం దేనికండీ?" అని తాడేపల్లిగూడెంలో మా పిన్నిగారి అల్లుడుగారు నన్ను నిలదీశారు. ప్రశ్న చిన్నదే. కాని చదువుకున్నవాళ్ళు కూడా తరుచు అడిగేదే గనుక యీ వారం దానికే జవాబు చెబుతాను.

కృష్ణ డెల్టాకూ, గోదావరి డెల్టాకూ నడుమ భూమి పళ్ళెంలాగా కాస్త దిగివున్నది. ఆ పళ్ళెమే కొల్లేరు. మైలవరం వైపు కొండలనుంచి బుడమేరు, ఏలూరు పక్కగా తమ్మిలేరు, ఇంకా చిన్నా చితకా వాగులూ, పొలాల మురుగు కాలువలూ అన్నీ వచ్చి అందులోనే పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. అదీ సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రంలో కలవాలి. పోటు వేళ సముద్రం దాన్ని వెనక్కి నెడుతుంది కూడాను. మరి వానాకాలంలో ఒక్కసారిగా వచ్చిపడే నీరు, తన వంతు వచ్చేదాకా ఎక్కడ నిలవాలి?

కొల్లేటిలో నిలిచేది. వేసవిలో సరస్సు కుంచించుకుపోతే అంచుల్లో నేల బయటపడేది. రైతులు అక్కడ వరి వేసుకునేవారు. వానలు రాగానే మళ్ళీ అదే నేలమీద నీరు పరుచుకునేది. ఆ ఖాళీ వున్నదే, అదీ అసలు సంగతి! 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరు, సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత లోపల, 308 చదరపు కిలోమీటర్లు. దానిమీద ఒక్క అడుగు నీరు నిలిచిందనుకోండి. లెక్కవేస్తే మూడు టి.ఎం.సి.ల పైచిలుకు తేలుతుంది. బెజవాడ ప్రకాశం బ్యారేజి నిండుగా వుంటే పట్టే నీరూ దాదాపు అంతే. ఒక్క సిమెంటు బస్తా ఖర్చు లేకుండా మనకు దక్కిన బ్యారేజి అన్నమాట.

చేపల చెరువు అలా కాదు. చుట్టూ ఎత్తైన కట్ట, లోపల నిండా నీరు. వరద వచ్చేసరికి అందులో చోటేదీ? ఇంట్లో బిందెలన్నీ నిండి వుండగా చూరు కారితే ఆ నీరు నట్టింట్లోకి రాక ఎక్కడికి పోతుంది? పైగా ఆ కట్టలే నీటి దారికి అడ్డం.

ఇంకొకటి. కాలువలు మోసుకొచ్చే ఎరువుల సారాన్ని కిక్కిస, తుంగ పీల్చుకుని నీటిని తేర్చేవి. సరస్సులో నీరు తగ్గితే వేసవిలో ఉప్పునీరు ఉప్పుటేటి వెంట పైకి ఎగదన్నుతుంది. అప్పుడు లంకల్లో ఇల్లాళ్ళకు మంచినీటి కటకట. ఆటపాకలో గూడబాతుల ఫోటోలు తీసుకుని మురిసిపోయేవాళ్ళం, యీ సంగతి కూడా కాస్త చూడాలి.

చెరువులవాళ్ళను తిట్టిపోయడం నాకు యిష్టం లేదు. 1970లలో లంకలవారిచేత సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. తరవాత డబ్బున్నవాళ్ళు దిగారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరిట కట్టలు కొట్టించారు. కొన్నాళ్ళకు చాలాచోట్ల కట్టలు మళ్ళీ లేచాయి. వలవేసుకుని బ్రతికేవాడికి సరస్సూ కావాలి, కూలి దొరికే చెరువూ కావాలి. వాడికి వేరే దారి చూపకుండా కట్టలు కొడితే ఆ పని నిలవదని నా నమ్మకం.

2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడలో పేటలకు పేటలను ముంచింది. గండ్లు పడటం దానికి ముఖ్య కారణం. నేరమంతా కొల్లేటి కట్టలమీద వెయ్యను. కాని ఆ ఏరు చివరికి చేరవలసింది ఇక్కడికే గదా!

సరస్సు హద్దును అయిదడుగుల గీతనుంచి మూడడుగుల గీతకు దించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. మూడడుగుల గీత లోపల వుండేది 135 చదరపు కిలోమీటర్లే. తక్కిన 173 మీద నిలవవలసిన నీటికి మరో చోటు ముందు చూపించి, ఆ తరవాత గీత దించండి అంటాన్నేను.