అర్ధరాత్రి బండి ఆగిపోతే.. క్రేన్ ఎవరు పంపుతారు? డబ్బు ఎవరు కట్టాలి?

పరవాడ వైపు రోడ్లు రాత్రిపూట కూడా ఖాళీగా ఉండవు. ఫార్మా సిటీ షిఫ్టు బస్సులు, ట్యాంకర్లు, గంగవరం పోర్టు లారీలు తిరుగుతూనే ఉంటాయి. అలాంటి చోట రాత్రి 2 గంటలకు మీ కారు ఆగిపోతే ఏం చేయాలి?

ఎవరికి ఫోన్ చేయాలి?

ముందు మీరున్నది ఏ రోడ్డో చూసుకోండి. జాతీయ రహదారి అయితే 1033కి చేయండి. ఇది 24 గంటలూ పనిచేసే ఎన్‌హెచ్ఏఐ హెల్ప్‌లైన్. ఫార్మా సిటీ లోపలి రోడ్ల వంటివి దీని పరిధిలోకి రావు. అక్కడ ప్రమాదకరంగా ఆగితే 112కి చేసి పోలీసులకు చెప్పండి. మెకానిక్ షెడ్డుకు చేర్చాలంటే ప్రైవేటు టోయింగ్ బండే దిక్కు. మీ బీమాలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో ముందు చూడండి. లేకపోతే ఎంత తీసుకుంటారో బండి బయల్దేరక ముందే మాట్లాడుకోండి.

చట్టం ఏమంటోంది?

ఆగిన వాహనం ప్రమాదకరంగా ఉంటే వెంటనే తొలగించేలా పోలీసు అధికారి ఆదేశించవచ్చు. ఇది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 127. లాగిన ఖర్చు యజమానిదే. చెడిపోయిన బండితో రాకపోకలకు అడ్డుపడితే సెక్షన్ 201 కింద రూ.500 వరకు జరిమానా ఉంది.

వచ్చే మనిషి సంగతి?

క్రేన్ డ్రైవర్ పని స్టీరింగ్ దగ్గరే అయిపోదు. చీకట్లో రోడ్డు మీదకు దిగి, వంగి, గొలుసు తగిలించాలి. అప్పుడు ఆయన వీపు వచ్చే లారీల వైపే ఉంటుంది. రవాణా కార్మికులకు రోజుకు 8 గంటల పని అని 1961 చట్టమే చెప్పింది. కానీ ఆ చట్టం వర్తించింది ఐదుగురు, అంతకు మించి పనివారున్న సంస్థలకే. ఒకే క్రేన్, ఒక డ్రైవర్, ఒక హెల్పర్‌తో నడిచే చిన్న వ్యాపారాన్ని అది లెక్కలోకి తీసుకోలేదు. అలాంటి చోట పగలు, రాత్రి ఒకే డ్రైవర్ పనిచేస్తే అడిగేవారెవరు?

మీ వంతు ఇదీ

హజార్డ్ లైట్లు వేయండి. వెనకాల కనీసం 50 మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం పెట్టండి. అందరూ రోడ్డు పక్కకు వెళ్లి నిలబడండి. ఫోన్లో కిలోమీటరు రాయి నంబరు, ఏ వైపు వెళ్తున్నారో చెప్పండి. సరైన చోటు తెలిస్తే క్రేన్ చీకట్లో వెతుక్కునే పని ఉండదు, డ్రైవర్ రోడ్డు మీద ఉండే సమయమూ తగ్గుతుంది. పదే పదే ఫోన్ చేసి తొందరపెట్టకండి. ఆయన కూడా ఇంటికి చేరాలి.