మంచుక్రింది మునక

భారతదేశము దక్షిణధ్రువ ఖండమున అడుగిడి నాలుగు దశాబ్దములు దాటినది. 1981లో బయలుదేరిన ప్రథమయాత్ర పిమ్మట 1989లో మైత్రి, 2012లో భారతి అను కేంద్రములు అచట నెలకొన్నవి. ఉత్తరధ్రువ ప్రాంతమున హిమాద్రి 2008లో తెరువబడినది. 2014 జూలైలో అచటి సముద్రశాఖలో మనవారు దింపిన పరిశీలన యంత్రములతో హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థకును సంబంధము గలదు. కాని యంత్రము చేయజాలని పనులు కొన్ని యున్నవి. అడుగున రాళ్ళ నంటియుండు జీవులను చెదరకుండ ఏరి తెచ్చుటకు మనుష్యుడే మునుగవలెను. సముద్రము పొడగానని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వాసులకు ఈ ప్రసంగమేల యని కొందరడుగవచ్చును. అడుగుట న్యాయమే. సమాధానము వారి ఊళ్ళలోనే యున్నది.

ఉప్పునీరగుటచే ధ్రువసముద్రము సున్నకు దిగువ రెండు డిగ్రీలకు చేరువయగువరకు గడ్డకట్టదు. అంతటి చలిలో గాలినందించు రెగ్యులేటరు మంచుపట్టి తెరచుకొనిపోయి, సిలిండరులోని గాలి క్షణములలో వృథాయగును. కావుననే వేరువేరుగా పనిచేయు రెండింటిని ధరింతురు. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమున కరగి, త్వరపడి పైకి వచ్చినచో బుడగలై కీళ్ళను, మెదడును బాధించును. దానికి చికిత్స పీడనపు గదిలోనే. అమెరికావారి మెక్‌మర్డోలోను, ఆంగ్లేయుల రొథీరాలోను అట్టి గది చేరువనే యున్నది. గది లేనిచోట తక్కువ లోతు, తక్కువ కాలము అను నియమమే వైద్యుడు. రొథీరాలోనే 2003లో నీటి ఉపరితలమున నీదుచుండిన యువశాస్త్రజ్ఞురాలిని చిరుతసీలు లోనికి లాగుకొనిపోగా ఆమె మరణించెను. మునుగుటకు పూర్వము ఒడ్డున కాపరులను నిలుపుటయు పథకములో భాగమే.

భూపాలపల్లి కాకతీయ ఖనుల కార్మికుడు తన పేరు నమోదుకానిదే లోనికి దిగడు. సర్దారు గాలిని పరీక్షించి, పైకప్పును తట్టి చూచును. ఒకదారి కూలినను వెలికి వచ్చుటకు రెండవదారి యుండవలెనని గనుల శాసనము విధించుచున్నది. మంచుక్రింద మునుగువానికై రెండవ కన్నము త్రవ్వియుంచుటయు, వాని నడుమునకు కట్టిన త్రాటిని పైనొకడు విడువక పట్టియుండుటయు ఈ జాగ్రత్తయే. ఈ పోలిక మా కల్పన కాదు. గనిప్రేలుళ్ళలో పెక్కుమందిని చంపునది మంట గాక విషవాయువని 1896లో చూపినవాడు జె. ఎస్. హాల్డేన్. మేకలపై పరీక్షలు సలిపి, మునిగినవాడు ఏ లోతున నెంతసేపాగి పైకి రావలెనో 1908లో పట్టికలు కట్టినవాడును ఆయనయే.

ఇక జనగామ మెట్టప్రాంతపు బావులు. పూడిక తీయుటకో మోటారు బాగుచేయుటకో పాడుబావిలో దిగినవాడు ఊపిరాడక కూలును. వానికై తమ్ముడు దిగును. తమ్మునికై పొరుగువాడు దిగును. మొదట నొక దీపము దింపి చూచినను గాలి సంగతి కొంత తెలియును; ఆపాటి ఓపికయు ఉండదు. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించినది. ఇట్టి చెరువులలో ఎవడైన మునిగినప్పుడు పిలుచునది గజయీతగాండ్రను, అనగా పెక్కుచోట్ల చేపలు పట్టి బ్రదుకు బీదవారిని. బురదనీటిలో కంపలు, వలలు చుట్టుకొను చోట వారు పలుమారు మొలకు త్రాడైన లేక దిగుచున్నారు. ధ్రువమున శాస్త్రజ్ఞునకు త్రాడు, జతగాడు, అత్యవసరమున దిగుటకు సిద్ధముగ మరియొకడు కావలసియుండగా, మన చెరువున జాలరికి అక్కరలేదా?

కేంద్రప్రభుత్వము ధ్రువజలములలో మనుష్యులను దింప దలచినచో, మొదట పీడనపు గది యెచట నుంచెదరో, శీతకాలమున ఓడలు విమానములు రాని నెలలలో రోగిని ఎట్లు తరలించెదరో వెల్లడింపవలెను. మూడు జిల్లాల అధికారులను మేము కోరునది అంతకన్న స్వల్పము: ప్రతి పోలీసుఠాణాలో మంచి త్రాడు, నడుముపట్టీ, బావిగాలి పరీక్షించు సాధనము, పిలువబడు యీతగాండ్రకు శిక్షణము, భీమా. ఇవి వానలు పడి చెరువులు నిండకమునుపే సమకూడవలెను.