పాతబస్తీ పిల్లలకు చీటీ కాదు, చికిత్స కావాలి

పాతబస్తీ బడులకు ఉచిత దంత వైద్య శిబిరాలు కొత్తేమీ కాదు. ఏదో ఒక సంస్థ వస్తుంది. పిల్లలను వరుసలో నిలబెట్టి నోళ్లు తెరిపిస్తుంది. తలా ఒక బ్రష్షు, చిన్న పేస్టు ట్యూబు పంచి, పుచ్చుపళ్లున్న వారి చేతిలో ‘ఆస్పత్రికి తీసుకెళ్లండి’ అని రాసిన చీటీ పెట్టి వెళ్లిపోతుంది. చాలామంది పిల్లల వైద్యం ఆ చీటీ దగ్గరే ఆగిపోతోంది. కుర్చీ, పరికరాలు, దంతవైద్యుడు ఉన్న వ్యాన్ బడి దగ్గరకే రావాలి. ఏడాదికి రెండుసార్లు, ఏటా రావాలి. దాతల దయకు వదిలేయకుండా ఆ ఖర్చంతా ప్రభుత్వమే భరించాలి.

అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల చార్మినార్‌కు రెండు కిలోమీటర్ల లోపే. నయాపూల్ దాటితే వచ్చేస్తుంది. అయినా తలాబ్‌కట్టలోనో యాకుత్‌పురాలోనో ఇంట్లో కూర్చుని జర్దోజీ పని చేసుకునే తల్లికి, ఆటో తోలే తండ్రికి ఓపీ క్యూలో నిలబడటమంటే ఆ పూట కూలి పోయినట్లే. పంటి వైద్యం ఒక్కసారితో తేలేది కూడా కాదు. రూట్ కెనాల్ అయితే రెండు మూడు సార్లు తిరగాలి. పైగా ‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి’ అన్న ధీమా ఒకటి. దవడ వాచి, జ్వరం తగిలి, పిల్ల రాత్రంతా ఏడిస్తే గానీ ఆస్పత్రి గుర్తుకు రాదు. అప్పటికి తరచూ పన్ను పీకడమే మిగులుతుంది.

ఆ ధీమా ఎంత నష్టం చేస్తుందో తల్లులకు చెప్పేవారు లేరు. సుమారు ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక కొత్త దవడపన్ను మొలుస్తుంది. జీవితాంతం నమలాల్సిన పన్ను అది. ఏదీ ఊడలేదు గనుక ఇంట్లో వాళ్లు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. దాని పైభాగంలోని లోతైన గాడుల్లో చాయ్‌లో ముంచిన బిస్కెట్, మిఠాయి ఇరుక్కుని, కొన్నాళ్లకే నల్లమచ్చ పడుతుంది. ఆ దశలో దొరికితే డ్రిల్లు కూడా అక్కర్లేదు. వ్యాన్‌లోని డాక్టరు చేతి పరికరంతో మెత్తబడిన భాగాన్ని గీకి తీసి, పొడి, ద్రవం కలిపిన గ్లాస్ అయానమర్ ముద్దను గుంతలో నింపి వేలితో అదిమితే, నిమిషాల్లో గట్టిపడుతుంది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ద్రవం పూస్తే పుచ్చిన చోట నల్లబడుతుంది గానీ పుచ్చు ముదరడం చాలావరకు ఆగుతుంది. ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే ఆవశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. ఖరీదైన వైద్యమన్న సాకు ఇక చెల్లదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించాల్సిన 30 సమస్యల్లో పుచ్చుపళ్లు కూడా ఉన్నాయి. కానీ మార్గదర్శకాల ప్రకారం బడికి వెళ్లే బృందంలో ఉండేది ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు. దంతవైద్యుడికి చోటు లేదు. వాళ్లు చూసి, రాసి, పంపగలరంతే. మళ్లీ చీటీయే! అదీ ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే పరిమితం. గల్లీల్లోని ఇళ్లలో నడిచే చిన్న ప్రైవేటు బడుల పిల్లలు, మదర్సాల పిల్లలు లెక్కలోకే రారు. నెలనెలా ఇంత ఫీజు కట్టినంత మాత్రాన అది ఉన్నవాళ్ల ఇల్లు అయిపోతుందా? వ్యాన్ మెట్లు ఈ పిల్లలు కూడా ఎక్కాలి.

భారత దంత వైద్య మండలి 2002-03లో జరిపిన జాతీయ సర్వేలో 12 ఏళ్ల పిల్లల్లో 53.8 శాతం మందికి, 15 ఏళ్ల వారిలో 63.1 శాతం మందికి పుచ్చుపళ్లున్నట్లు తేలింది. న్యూజిలాండ్ 1921లోనే బడి పిల్లల పళ్ల కోసం ప్రత్యేకంగా నర్సులకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. వందేళ్ల తర్వాత కూడా మనం బ్రష్షులు పంచి ఫొటోలు దిగుతున్నాం.

ఇరుకు గల్లీల్లోకి పెద్ద వ్యాన్ రాదని అధికారులు అనవచ్చు. రావాల్సిన పని లేదు. పెళ్లిళ్లు ఎక్కువగా రాత్రిపూట జరిగే పాతబస్తీలో ఫంక్షన్ హాళ్ల ఆవరణలు పగలు ఖాళీగానే ఉంటాయి. వ్యాన్‌ను అక్కడ నిలిపితే చుట్టుపక్కల బడుల టీచర్లు పిల్లలను నడిపించుకొస్తారు. తల్లిదండ్రుల అనుమతి పత్రం ఉర్దూలో, తెలుగులో ముందే ఇంటికి పంపాలి. రంజాన్ నెల తప్పించి తేదీలు వేయాలి. పెద్ద తరగతుల ఆడపిల్లల కోసం మహిళా డాక్టర్లుండాలి.

అఫ్జల్‌గంజ్ కళాశాలకు వ్యాన్లు, డ్రైవర్లు, డీజిల్, మందులు కేటాయిస్తూ వైద్యారోగ్య, విద్యా శాఖలు ఉమ్మడిగా ఉత్తర్వులివ్వాలి. ఈ ఖర్చుకు బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు ఉండాలి. ఈసారి నింపిన పన్నును ఆరు నెలల తర్వాత అదే బృందం మళ్లీ చూసేలా ప్రతి పిల్లకూ కార్డు ఉండాలి. జూన్‌లో బడులు తెరిచే నాటికి వ్యాన్ వచ్చే తేదీ పాతబస్తీలోని ప్రతి బడి నోటీసు బోర్డు మీద కనిపించాలి.