కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి!

కృష్ణానగర్, ఇందిరానగర్, ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ఎడిట్ రూముల్లో, గ్రాఫిక్స్ ఆఫీసుల్లో, డిజైన్ డెస్కుల దగ్గర పనిచేస్తున్న తోటివారికి విజ్ఞప్తి

మిత్రులారా!

మనం రోటో చేసేవాళ్లం. పోస్టర్లు డిజైన్ చేసేవాళ్లం. లిరికల్ వీడియోలు కట్ చేసేవాళ్లం. స్క్రిప్టు టైపు చేసి పెట్టే అసిస్టెంట్ డైరెక్టర్లం. మన పనిముట్టు ల్యాప్‌టాప్. వాయిదాల మీద కొంటాం, భుజాన వేసుకుని ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరుగుతాం. అందులో విండోస్ కంపెనీ ఇచ్చింది. మిగతా సాఫ్ట్‌వేర్ చాలావరకు ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చిన క్రాక్.

పైరసీ అంటే మన పరిశ్రమ మండిపడుతుంది. దాన్ని అడ్డుకోవడానికి ఫిల్మ్ చాంబర్‌లో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. మొదటి ఆట పడకముందే సినిమా లింకు బయటికొస్తే మన కడుపు రగిలిపోతుంది. అదే సినిమాకు గ్రాఫిక్స్ చేసిన మెషీన్‌లో సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ అయితే మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. సరే, నీతి మాట పక్కన పెడదాం. నష్టం ఎవరికి? క్రాక్ ఎక్కాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఆపాక దాని వెనకే ఇంకేం దూరిందో ఎవరూ చూడరు. రష్ ఉన్న డిస్కంతా తాళం పడి, డబ్బు కట్టమని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చిన రోజున క్రాక్ ఇచ్చినాయన ఫోనెత్తడు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్తదై ఉండాలి. అందుకే మనలో చాలామంది ఇప్పుడు కొత్త మెషీన్ కొనే పనిలో ఉన్నారు. మేం చెప్పేది ఒకటే: ఎలాగూ కొంటున్నారు కాబట్టి, క్రాక్ అక్కర్లేకుండా ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ సజావుగా నడిచే మెషీనే కొనండి. నడుస్తుందో లేదో కొన్నాక కాదు, కొనకముందే తేల్చుకోండి.

లినక్స్ సినిమావాళ్లకు కొత్తేం కాదు

లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకిలో చదువుకుంటూ 1991లో లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్ రాశాడు. ఆరేళ్లు తిరిగేసరికి, 1997లో వచ్చిన ‘టైటానిక్’ గ్రాఫిక్స్ రెండరింగ్‌కు డిజిటల్ డొమైన్ స్టూడియో లినక్స్ మెషీన్లు వాడింది. ఇవాళ మాయా, న్యూక్, హౌడినీ, బ్లెండర్, డావిన్చీ రిజాల్వ్ అన్నీ లినక్స్ మీద నడుస్తాయి. ఆస్కార్లిచ్చే అకాడమీ 2018లో లినక్స్ ఫౌండేషన్‌తో కలిసి సినిమా సాఫ్ట్‌వేర్ కోసమే ఒక ఫౌండేషన్ పెట్టింది. 2025లో యానిమేషన్ ఆస్కార్ గెలిచిన లాట్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్‌లో తయారైంది. ఆ బ్లెండర్ ఎలా మన చేతికొచ్చిందో తెలుసా? 2002లో జనం చందాలు వేసుకుని, లక్ష యూరోలు పోగుచేసి, దాని సోర్స్ కోడ్‌ను విడిపించుకున్నారు.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ సంగతే తీసుకోండి. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు ఇక్కడ శాఖ ఉండేది. ఇక్కడి కుర్రాళ్లూ ఆ సినిమాకు పనిచేశారు. లినక్స్ మీద నడిచే ‘ఫిల్మ్ గింప్’ అనే రీటచింగ్ సాఫ్ట్‌వేర్‌ను పెంచి పోషించినవాళ్లలో ఆ సంస్థ ఒకటి. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ రావడానికి కొద్ది రోజుల ముందే సంస్థ దివాలా తీసింది. కంపెనీ పోయింది. అక్కడ నేర్చుకున్న పని మాత్రం పనివాళ్ల చేతుల్లోనే ఉంది. స్వేచ్ఛ పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన ఉద్యమం పుట్టిందీ ఈ ఊళ్లోనే.

ఇంకో మాట. థియేటర్‌కు డిస్కులో పంపే డీసీపీని ఈఎక్స్‌టీ2 గానీ ఈఎక్స్‌టీ3 గానీ ఫార్మాట్‌లో ఇవ్వడం ఆనవాయితీ. రెండూ లినక్స్ ఫార్మాట్లే. ఆ డిస్కును మామూలు విండోస్ మెషీన్‌కు తగిలిస్తే అది చదవలేక, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. తెలియక ఎస్ నొక్కితే సినిమా గోవిందా!

ఉన్నదున్నట్టు చెబుతున్నాం

ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, ఫోటోషాప్, ప్రో టూల్స్ లినక్స్‌కు లేవు. మీ తిండి వాటి మీదే ఉంటే విండోస్‌ను అలాగే ఉంచి, పక్కన లినక్స్ వేసుకోండి. రిజాల్వ్ ఉచిత వెర్షన్ లినక్స్‌లో ఫోన్లు, చిన్న కెమెరాలు తీసే హెచ్.264, హెచ్.265 ఫైళ్లను తెరవదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వాటిని ముందుగా డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లోకి, ఆడియోను పీసీఎంలోకి మార్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం: రిలీజ్ డేట్ నెత్తిమీద ఉండగా మెషీన్ జోలికి పోవద్దు. చేతిలో ఉన్న సినిమాకు గుమ్మడికాయ కొట్టి, పోస్ట్ ప్రొడక్షన్ కూడా ముగించాకే దీనికి ముహూర్తం పెట్టండి.

కొత్త మెషీన్‌లోనే తంటా ఎందుకు?

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ సాధారణంగా చడీచప్పుడు లేకుండా ఎక్కుతుంది. నిన్నగాక మొన్న మార్కెట్లోకి వచ్చినదాంట్లో ఒక్కోసారి వైఫై రాదు, స్పీకర్ పలకదు. ముంబై నుంచి దిగిన హీరోయిన్ ఎంత బాగా నటించినా, డబ్బింగ్ చెప్పేవాళ్లు దొరికేదాకా తెలుగు తెర మీద ఆమెకు మాట రాదు. చిప్‌కు అలా మాట ఇచ్చేది డ్రైవర్. లినక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి. చిప్ కొత్తదై, కెర్నల్ పాతదైతే మాట పెగలదు.

అందుకే పెన్‌డ్రైవ్‌లో పరీక్షకు రాసుకున్నది ఏ తేదీ లినక్స్ అన్నది చూసుకోండి. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అన్నీ లినక్స్ రకాలే. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04లో ఉన్నది 6.8 కెర్నల్. 2025 ఆగస్టులో వచ్చిన 24.04.3లో 6.14 కెర్నల్ ఉంది. పేరు ఒకటే, పని వేరు. స్నేహితుడి దగ్గర ఏడాది కింద రాసిపెట్టుకున్న పెన్‌డ్రైవ్ తెచ్చి, ‘లినక్స్ నా మెషీన్‌కు పడలేదు’ అని తీర్పు చెప్పొద్దు. డెబియన్ కావాలనుకునేవాళ్లు 2023 జూన్‌లో వచ్చిన 12 గానీ ఆ తర్వాతివి గానీ తీసుకోండి. వైఫై వంటివాటికి కావలసిన ఫర్మ్‌వేర్ వాటిలో ఇన్‌స్టాలర్‌తోనే వస్తుంది.

షాపులో చేయాల్సింది

సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీకి వెళ్లినా, పెద్ద షోరూమ్‌కు వెళ్లినా, జేబులో కొత్త ఉబుంటు గానీ ఫెడోరా గానీ రాసిన పెన్‌డ్రైవ్ ఉండాలి. డెమో మెషీన్‌ను దాంతో బూట్ చేయనిస్తారా అని అడగండి. ‘ట్రై’ అన్నది నొక్కితే లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, లోపలి డిస్కు మీద చెయ్యి పడదు. బయోస్ సెట్టింగులు మాత్రం కదపకండి. తర్వాత వరసగా ఇవి చూడండి:

1. మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు వైఫై కలుస్తోందా?
2. స్పీకర్లో పాట వస్తోందా? మైక్‌లో మాట రికార్డవుతోందా?
3. కెమెరా తెరుచుకుంటోందా?
4. బ్రైట్‌నెస్ కీలు, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయా?
5. హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే రెండో మానిటర్ వెలుగుతోందా?
6. మూత వేసి, రెండు నిమిషాలాగి తెరిస్తే మెషీన్ లేస్తోందా?

ఇప్పుడు టెర్మినల్ తెరిచి ‘ఎల్ఎస్‌పీసీఐ’ కమాండ్‌కు ‘-ఎన్ఎన్‌కే’ చేర్చి కొట్టండి. ఒక్కో చిప్ పేరు, చతురస్ర బ్రాకెట్లలో దాని నంబర్ వస్తాయి. నంబర్ 8086తో మొదలైతే ఇంటెల్, 1002 అయితే ఏఎండీ, 10ఈసీ అయితే రియల్‌టెక్. కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న వరస ఉంటే ఆ చిప్‌కు డ్రైవర్ దొరికినట్టే. లేకపోతే తంటా అక్కడే. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మీకు ప్యాక్ విప్పి ఇచ్చే పీసులో కూడా ఇదే కమాండ్ కొట్టి చూడండి. ఒకే మోడల్ పేరుతో రెండు కంపెనీల వైఫై కార్డులు రావడం మామూలే.

విండోస్ లేకుండా, డాస్‌తోనో ఉబుంటుతోనో అమ్మే మోడళ్లు ఉన్నాయేమో అడగండి. లైసెన్సు ఖర్చు కలిసొస్తుంది.

ఇంటికొచ్చాక ఎదురయ్యే చిక్కులు, విరుగుళ్లు

అన్నిటికన్నా ముందు: విండోస్ ఉంచుకునేవాళ్లు బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసి దాచండి. బయోస్‌లో ఒక్క సెట్టింగ్ మారినా విండోస్ ఆ కీలోని 48 అంకెలు అడగవచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. ఆపకపోతే లినక్స్‌లో విండోస్ పార్టిషన్లు చదవడానికి తప్ప రాయడానికి తెరుచుకోవు.

వైఫై రాలేదా? ఫోన్‌ను చార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌కు అది కేబుల్ ఇంటర్నెట్‌లా కనబడుతుంది. దాంతో అన్ని అప్‌డేట్లూ దించి, రీస్టార్ట్ చేయండి. కొత్త కెర్నల్, కొత్త ఫర్మ్‌వేర్ రాగానే చాలాసార్లు వైఫై దానంతటదే వస్తుంది.

ఇన్‌స్టాల్ చేస్తుంటే డిస్కు కనబడలేదా? బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ పద్ధతిలో ఉందేమో చూడండి. ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ తెరుచుకోదు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా సెట్ చేసి, ఆ తర్వాత బయోస్‌లో మార్చండి. ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక సెట్టింగ్ మామూలుకు తెండి.

ఎన్విడియా కార్డా? ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి అక్కడున్న డ్రైవర్ వేయండి. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులైతే ‘ఓపెన్’ అని రాసి ఉన్నదే ఎంచుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. కంగారుపడి ‘కంటిన్యూ’ నొక్కొద్దు. ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టండి. ఈ ఒక్క మెట్టు దగ్గర తప్పటడుగు వేసి, కార్డు పనిచేయడం లేదని వదిలేసేవాళ్లు ఎందరో.

హెడ్‌ఫోన్లో సౌండ్ వస్తోంది, స్పీకర్లో రావడం లేదా? కొత్త మోడళ్లలో స్పీకర్లకు విడిగా యాంప్లిఫయర్ చిప్ ఉంటుంది. దాని సపోర్ట్ కొత్త కెర్నల్‌తో రావాలి. అందాకా హెడ్‌ఫోన్లు, బ్లూటూత్, యూఎస్‌బీ సౌండ్ కార్డుతో పని నడుస్తుంది. కొన్ని పలుచటి ల్యాప్‌టాప్‌ల కెమెరాలదీ ఇదే కథ. యూఎస్‌బీ వెబ్‌క్యామ్ పెట్టుకోండి. వేలిముద్ర రీడర్ రాలేదంటే పాస్‌వర్డ్ ఉండనే ఉంది, దానికోసం నిద్ర పాడు చేసుకోవద్దు.

మూత వేసి బ్యాగులో పెట్టుకుంటే మెషీన్ వేడెక్కి బ్యాటరీ దిగిపోతోందా? పాత రకం గాఢనిద్ర చాలా కొత్త మోడళ్లలో తీసేశారు. బయోస్ అప్‌డేట్ చేయండి. డెల్, లెనోవో, హెచ్‌పీ మోడళ్లు చాలావాటికి లినక్స్‌లోనుంచే ‘ఎఫ్‌డబ్ల్యూయూపీడీ’ ద్వారా ఆ అప్‌డేట్ వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే లొకేషన్‌కు బయల్దేరేముందు షట్‌డౌన్ చేయడం మేలు.

రాసేవాళ్లకు, డిజైనర్లకు

అను ఫాంట్లలో టైపు చేసిన స్క్రిప్టు, ఆ ఫాంట్ లేని మెషీన్‌లో పిచ్చిగీతలవుతుంది. లినక్స్‌లో ఆ బెడద లేని తెలుగు యూనికోడ్ ఉంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. ఎన్టీఆర్, మండలి, రామభద్ర, ధూర్జటి వంటి తెలుగు ఫాంట్లు ఉచితం. సినిమా టైటిల్‌కైనా, పోస్టర్‌కైనా ఎవరి అనుమతీ అక్కర్లేకుండా వాడుకోవచ్చు.

మా డిమాండ్లు

ల్యాప్‌టాప్ దుకాణాల వారికి: కొనేముందు పెన్‌డ్రైవ్‌తో పరీక్షించుకోనివ్వండి. వైఫై కార్డు ఏదో బిల్లు మీద రాయండి.

అమీర్‌పేట, కృష్ణానగర్ శిక్షణ సంస్థల వారికి: మాయా, న్యూక్ నేర్పేటప్పుడు వాటిని లినక్స్ మీద కూడా నేర్పండి. ఫీజు తీసుకుని క్రాక్ చేతిలో పెట్టడం ఆపండి.

నిర్మాణ సంస్థల వారికి, గ్రాఫిక్స్ సంస్థల వారికి: కొత్త మెషీన్లు కొనే జాబితాలో ‘లినక్స్ నడవాలి’ అన్న ఒక్క వరస చేర్చండి. మీరు పదుల సంఖ్యలో కొంటారు. మీరడిగితే కంపెనీలు వింటాయి.

మనం చేయాల్సింది, ఈ వారమే

ఒక తెల్ల కాగితం తీసుకోండి. పైన మీ ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ నంబర్, లినక్స్ పేరు, కెర్నల్ నంబర్ రాయండి. కింద ఎనిమిది గడులు గీయండి: వైఫై, స్పీకర్, మైక్, కెమెరా, టచ్‌ప్యాడ్, నిద్ర, రెండో మానిటర్, గ్రాఫిక్స్ కార్డు. పనిచేస్తే టిక్కు, చేయకపోతే ఇంటూ, మీరు కనుక్కున్న విరుగుడు ఉంటే పక్కన ఒక ముక్క. దాన్ని మీ ఎడిట్ రూము తలుపుకు, హాస్టల్ నోటీసు బోర్డుకు, మీ టీకొట్టు గోడకు అంటించండి. పక్క రూములో ఎవరైనా కొత్త మెషీన్ కొనబోతుంటే పెన్‌డ్రైవ్ పట్టుకుని వెంట వెళ్లండి.

ఇలా ప్రతి సందులో పది కాగితాలు అంటితే, ఏ మోడల్ కొనాలో, ఏది కొనకూడదో సేల్స్‌మన్ చెప్పక్కర్లేదు. మన గోడే చెబుతుంది.

పరీక్షించి కొందాం!
నేర్చుకుని నడుపుదాం!
దాచుకోకుండా పంచుకుందాం!

ఇట్లు,
మీతోపాటు రెండర్ బార్ చూస్తూ తెల్లవార్లూ మేలుకునే తోటి పనివాళ్లు

చదివి పారేయకండి. పక్కవాళ్ల చేతికివ్వండి.