ఱాతి ముందు పరీక్ష

శ్రీముఖలింగమందలి మధుకేశ్వరాలయ శాసనముల యెదుట, చరిత్రమున పట్టభద్రుఁడైన యువకు నొక్కని నిలిపి, "నాయనా, ఒక్క పంక్తి చదివి యర్థము చెప్పుము" అని యడుగుఁడు. వంశధార యొడ్డుననున్న యీ యూరే తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరమని యతఁడు పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొని యుండవచ్చును. ఆ సంగతి లోకమున కెట్లు తెలిసినదో యతఁ డెఱుఁగునా? ఎఱుఁగనిచో దోష మతనిది గాదు. అతని నా ప్రశ్న నెవ్వరు నడుగలేదు.

నేఁటి కళాశాలలలో "అభ్యసన ఫలితముల మదింపు" అను కార్యము ప్రబలినది. 1994 లో స్థాపితమైన న్యాక్ సంస్థ కళాశాలలకు గుర్తింపు నిచ్చునపుడు దీనిని గూడ విచారించును. విద్యార్థి యేమి చేయఁగలవాఁడు కావలెనో ముందు నిర్ణయించుకొని, తుద కట్లయ్యెనా యని చూచుటయే దీని యుద్దేశము. ఈ యుద్దేశమును మేము నిందింపము. మేము నిందించునది యాచరణమును. ప్రతి పాఠ్యాంశమునకు నైదాఱు ఫలితములు వ్రాసి, పట్టికలో ఒకటి, రెండు, మూఁడు అను నంకెలు వేసి, పాత పరీక్షల మార్కులనే యందు కెక్కించి, "ఇందఱు నిర్ణీతమైన మార్కులు దాఁటిరి గావున ఫలితము సిద్ధించినది" అని పలుచోట్ల ముగించుచున్నారు. కుంచము పాతదే, పేరు మాత్రము క్రొత్తది. కంఠపాఠమును కొలిచిన మార్కు, పేరు మాఱినంతనే వివేకమును కొలుచునా?

1863 లో ఈ గ్రామసమీపమున జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి, ప్రాచీన లిపులను స్వయముగా నేర్చి యీ శాసనములను చదివిరి. సవరల యొద్ద వారి భాష నేర్చి 1931 లో దాని వ్యాకరణమును ప్రకటించిరి. చదివిన శాసనమును, వ్రాసిన వ్యాకరణమునే వారి విద్యకు సాక్ష్యములు. ఏ పట్టికయు నక్కఱలేకపోయెను.

"నూర్లకొలఁది విద్యార్థుల నిట్లు పరీక్షించుట సాధ్యమా?" యని కొంద ఱందురు. ఏఁడాదికి నిజమైన పని యొక్కటి చాలును. చరిత్ర విద్యార్థి తాను మునుపు చూడని శాసనమును చదువవలెను. రసాయన విద్యార్థి తన యూరి బావినీటిని పరీక్షించి దోషము చెప్పవలెను. వాణిజ్య విద్యార్థి యొక చిన్న యంగడి లెక్కలు సరిచూడవలెను. పట్టికలు నింపుటకు నధ్యాపకులు వెచ్చించు దినములను దీనికి వినియోగింపుఁడు. వ్రాఁతపరీక్ష యుండవచ్చును, అది తానొక్కటే సాక్షి కారాదు.

విద్యార్థి చేసిన పనిని చూడకయే "ఫలితము సిద్ధించినది" యని వ్రాయుట యసత్యము. విద్యాలయమున నసత్య మెంత యందముగా వ్రాసినను నసత్యమే.