108కి ఫోన్ చేయడానికి భయమెందుకు?

ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందా అని ఈ వారం ఒక తండ్రి అడిగాడు. కొడుక్కి పదిహేడేళ్లు. నిద్రపోవడం లేదు, అన్నం ముట్టడం లేదు, చచ్చిపోతానంటున్నాడు. అలాంటి రాత్రి కూడా ఆ తండ్రి గుండెల్లో దడ కేసు గురించి, కాలేజీలో తెలిస్తే టీసీ ఇచ్చేస్తారేమోనని. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఇన్నేళ్లలో ఈ ఒక్క భయం కూడా పోగొట్టలేకపోయిన ప్రభుత్వాల్ని ఏమనాలి?

ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అంటుంది 115వ సెక్షన్. ప్రాణం మీదికి వస్తే రిజిస్టరైన ఏ డాక్టరైనా వెంటనే వైద్యం మొదలుపెట్టవచ్చు, సైకియాట్రిస్టే కానక్కర్లేదు అంటుంది 94. పిల్లలైతే తల్లిదండ్రులు అందుబాటులో ఉన్నప్పుడు వాళ్ల సమ్మతి కావాలి. ఆ వైద్యానికి గరిష్ఠ గడువు 72 గంటలు. దాని పేరు చెప్పి కరెంట్ షాక్ ఇవ్వకూడదు. గుండెనొప్పికి వచ్చినట్టే ఈ బాధకూ అంబులెన్స్ రావాలి, అది హక్కు. ఆ తండ్రికి ఇవన్నీ నేను ఫోన్లో చెప్పాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వస్తే 87వ సెక్షన్ ఇంకా జాగ్రత్తలు చెప్పింది. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయితీరాలి. అమ్మో నాన్నో, లేదా వాళ్లు పెట్టిన సహాయకులో పక్కనే ఉండాలి. 72 గంటల్లోగా మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలి. పిల్లల్ని పెద్దల మధ్య పడుకోబెట్టకూడదు. చదువుతుంటే కడుపు నిండుతుంది. మన జిల్లా ఆసుపత్రుల్లో పదహారేళ్ల ఆడపిల్లకు ఆ వేరే వార్డు ఎక్కడుందో ఆరోగ్యమంత్రులు చూపించాలి. జిల్లాలో కుదరకపోతే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పొమ్మంటారు. ఆదిలాబాద్ నుంచి ఎర్రగడ్డ దాదాపు మూడు వందల కిలోమీటర్లు.

ఇంకో బాధ ఉంది. పద్దెనిమిది నిండనివాళ్ల తరఫున సంతకం కన్నవాళ్లదే. సమస్య ఇంట్లోనే ఉంటే? బోర్డు వేరొకరిని నియమించవచ్చని చట్టంలో ఉంది. బోర్డనేది ఒకటుందని ఏ పిల్లకు తెలుసు?

అసలు మన ఇంటర్ పిల్లల్లో చాలామంది ఇంట్లో ఎక్కడున్నారు? హాస్టళ్లలో పెట్టాం. అర్ధరాత్రి పిల్లవాడు కుంగిపోతే వార్డెన్ ముందుగా ఫోన్ చేసేది యాజమాన్యానికి. కాలేజీ పేరు పాడవకూడదు, అదే వాళ్లకు ఎమర్జెన్సీ. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెప్పాయి. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం మీద 2025 జూలైలో తీర్పిస్తూ సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతిచోటా శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టవద్దంది, నలుగురిలో అవమానించవద్దంది. మన కార్పొరేట్ కాలేజీల వ్యాపారమంతా ఆ బ్యాచుల మీదే నడుస్తోంది. ఆదివారం కూడా పరీక్షే. పిల్లవాడు ఏడవడానికైనా టైమ్‌టేబుల్లో ఖాళీ లేదు.

ర్యాంకుల ఫొటోలు వేసే ఫ్లెక్సీల మీదే ఇకనుంచి ఆ కౌన్సెలర్ పేరు, ఫోన్ నంబరు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేయించాలి. కౌన్సెలర్ లేని కాలేజీకి ఇంటర్ బోర్డు వచ్చే ఏడాది గుర్తింపు ఇవ్వకూడదు.